తీర జలాల్లో పడవ మూరింగ్: అనుమతి పద్ధతులు

పడవను ఒడ్డుకు లాగకుండా, జెట్టీకి కట్టకుండా, నీటి మీదే ఒకచోట స్థిరంగా నిలిపి ఉంచే ఏర్పాటును మూరింగ్ అంటారు. సముద్రపు అడుగుకు దించిన పెద్ద బరువు, దానికి తగిలించిన ఇనుప గొలుసు, గొలుసు కొసన నీటిపై తేలే బోయా దీని ముఖ్య భాగాలు. పడవ వేటకో విహారానికో వెళ్లినప్పుడు కూడా ఈ సరంజామా అక్కడే ఉంటుంది. తిరిగి వచ్చిన పడవ అదే బోయాను అందుకుని నిలుస్తుంది. లంగరు పడవతో పాటే వెళ్లిపోతుంది, మూరింగ్ నీటిలో మిగిలిపోతుంది. అనుమతి అవసరం ఇక్కడే మొదలవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్ పద్ధతిని వివరిస్తుంది. సముద్రపు అడుగు ఎవరిది, పైనున్న దారి ఎవరిది, కింద బతికే జీవజాలం బాధ్యత ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ అక్కడ మూడు వేర్వేరు సమాధానాలున్నాయి కాబట్టి విషయం విడివిడిగా కనబడుతుంది. ఫ్రాన్స్, అమెరికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల అనుభవాన్ని దాని పక్కన పెట్టి చూస్తే ఒక నిర్ధారణకు రావచ్చు. ఒక్కో పడవ దరఖాస్తును విడిగా తూచి అనుమతి ఇచ్చే పద్ధతి మూరింగ్ వల్ల వచ్చే అసలు సమస్యను చూడలేదు. అఖాతం మొత్తానికీ ముందుగా ఒక ప్రణాళిక వేసి, అందులో తావులు పంచే పద్ధతే సముద్రానికీ పడవవాళ్లకూ న్యాయం చేయగలదు.

ఆగే హక్కు, ఆక్రమించే హక్కు

నీటిపై ప్రయాణించే హక్కులో ఆగే హక్కు కలిసే ఉంటుంది, అయితే దానికి హద్దు ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 18వ అధికరణం ఈ హద్దును స్పష్టంగా గీసింది. మరో దేశపు ప్రాదేశిక జలాల గుండా సాగిపోయే ఓడ ఆగినా, లంగరు వేసినా, అది మామూలు ప్రయాణంలో భాగమై ఉండాలి; లేదా తానే ఆపదలో ఉండాలి, లేదా ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడానికి ఆగి ఉండాలి. ఓడల విషయంలో దేశాలు ఒప్పుకున్న ఈ తర్కాన్నే బ్రిటన్ న్యాయస్థానాలు చిన్న పడవల విషయంలో తమ ఉమ్మడి న్యాయం నుంచి రాబట్టాయి. 1968లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఎమ్స్‌వర్త్ దగ్గరి ఒక పాయపై వచ్చిన వివాదంలో, శాశ్వత మూరింగ్ దించడం ప్రజల నౌకాయాన హక్కులో మామూలు భాగం కాదని అప్పీలు కోర్టు తేల్చింది. 1979లో స్కాట్లండ్ పై కోర్టు క్లైడ్ నదీముఖంలోని ఫెయిర్లీ వివాదంలో ఇదే దారిన నడిచింది. తాత్కాలికంగా లంగరు వేసుకోవచ్చు, కానీ సముద్రపు అడుగున స్థిరమైన మూరింగ్ దించాలంటే ఆ నేల యజమాని ఒప్పుకోవాలి అన్నది ఆ రెండు తీర్పుల సారం.

మరి ఆ నేల యజమాని ఎవరు? ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల చుట్టూ తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా, సముద్రపు అడుగు దాదాపు అంతా రాజ్యానికి చెందినది. దాన్ని క్రౌన్ ఎస్టేట్ నిర్వహిస్తుంది. పోటుకు మునిగి ఆటుకు తేలే ఒడ్డు నేలలో మాత్రం దాదాపు సగమే దానిది. మిగతాది స్థానిక కౌన్సిళ్లు, నేషనల్ ట్రస్ట్, పాత జమీందారీ ఎస్టేట్ల చేతుల్లో ఉంది. స్కాట్లండ్‌లో ఈ నిర్వహణ 2017 ఏప్రిల్ 1 నుంచి అక్కడి ప్రభుత్వానికి జవాబుదారీ అయిన వేరే సంస్థకు, అంటే క్రౌన్ ఎస్టేట్ స్కాట్లండ్‌కు, బదిలీ అయింది. కాబట్టి బ్రిటన్‌లో మూరింగ్ కోరేవారు మొదట తెలుసుకోవలసింది తాము ఎంచుకున్న చోట అడుగు నేల ఎవరిదన్నదే. ఒకే అఖాతంలో వంద గజాల తేడాతో యజమాని మారిపోవచ్చు.

ఒక పడవ ఎంత చోటు తీసుకుంటుంది

అనుమతిని అఖాతం స్థాయిలో ఆలోచించాలనడానికి మొదటి కారణం మూరింగ్ కొలతల్లోనే ఉంది. ఒకే గొలుసుకు కట్టిన పడవ గాలి మళ్లినప్పుడు, నీరు ఆటు నుంచి పోటుకు తిరిగినప్పుడు, బరువు చుట్టూ వలయంగా తిరుగుతుంది. పోటు సమయంలో 6 మీటర్లు, ఆటు సమయంలో 2 మీటర్లు లోతుండే చోట 12 మీటర్ల గొలుసుతో 9 మీటర్ల పడవను కట్టారనుకుందాం. నీరు తగ్గినప్పుడు గొలుసు దాదాపు అడ్డంగా సాగుతుంది కాబట్టి తిరుగుడు వ్యాసార్థం పడవ పొడవుతో కలిపి దాదాపు 21 మీటర్లు అవుతుంది. ఆ వలయం వైశాల్యం సుమారు 1,360 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 34 సెంట్లు. అదే పడవ వెడల్పు 3 మీటర్లైతే అది తనకోసం వాడుకునే చోటు ఒక సెంటు కూడా ఉండదు. పక్కనే మరో యజమాని తక్కువ గొలుసుతో, వేరే రకం పడవతో మూరింగ్ దించితే రెండు పడవలూ ఒకే వేగంతో తిరగవు. అడుగున లోతుగా దిగిన రెక్క (కీల్) ఉన్న తెరచాప పడవ నీటి ప్రవాహాన్ని అనుసరిస్తే, తేలికైన మర పడవ గాలిని అనుసరిస్తుంది. విడివిడిగా చూస్తే రెండు దరఖాస్తుల్లోనూ తప్పు కనబడదు. కలిపి చూసినప్పుడే అవి ఢీకొంటాయని తెలుస్తుంది.

పడవల్ని ముందూ వెనకా రెండు బోయాల మధ్య వరసగా కట్టే పద్ధతిలో, లేదా అడుగున దించిన స్తంభాల మధ్య కట్టే పద్ధతిలో ఈ వలయం ఉండదు. అదే విస్తీర్ణంలో చాలా ఎక్కువ పడవలు పడతాయి. కానీ అలాంటి వరస ఒక్క యజమాని వేయగలిగింది కాదు. అఖాతం మొత్తాన్ని చూసేవారెవరో ఒకరు ఉండాలి. బరువు ఎంపికకు కూడా ఇదే వర్తిస్తుంది. కాంక్రీట్ దిమ్మ సముద్రపు నీటిలో తన బరువులో నూటికి 40 పాళ్లకు పైగా కోల్పోతుంది. ఒడ్డు మీద టన్ను తూగినది నీటిలో 570 కిలోల పైచిలుకు మాత్రమే. పోత ఇనుము కోల్పోయేది నూటికి 14 పాళ్ల దాకానే. ఈ లెక్క తెలియక తక్కువ బరువు దించిన యజమాని పడవ తుఫాను రాత్రి తన గొలుసుతో సహా జరిగి పక్క పడవల మీద పడుతుంది. అందుకే బ్రిటన్‌లో చాలా రేవు నిర్వహణ సంస్థలు పడవ పొడవును బట్టి బరువు, గొలుసు మందం ఇంత ఉండాలని నిర్దేశిస్తాయి. సరంజామాను క్రమం తప్పకుండా పైకెత్తి పరీక్షించాలనీ, పడవకు మూడో పక్షం బీమా ఉండాలనీ షరతు పెడతాయి.

బ్రిటన్‌లో అనుమతి క్రమం

నేల యజమాని ఒప్పుకోవడం మొదటి మెట్టు మాత్రమే. రెండో ప్రశ్న నౌకాయాన భద్రతది. 1949 తీర రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఓడల దారికి అడ్డమయ్యే ఏ నిర్మాణానికైనా ప్రభుత్వ సమ్మతి కావలసి ఉండేది. 2009 సముద్ర, తీర ప్రాప్తి చట్టం దాని స్థానంలో విశాలమైన సముద్ర లైసెన్సును తెచ్చింది. 2011 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో దీన్ని మెరైన్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్ ఇస్తోంది. వేల్స్‌లో ఈ పని నేచురల్ రిసోర్సెస్ వేల్స్ చేస్తుంది. స్కాట్లండ్‌లో 2010 నాటి సొంత సముద్ర చట్టం అమలవుతుంది. దరఖాస్తులో మూరింగ్ అక్షాంశ రేఖాంశాలు, పడవ పొడవు, అది నీటిలో మునిగే లోతు, బరువు, గొలుసుల వివరాలు ఇవ్వాలి. దారికి అడ్డమా, కేబుళ్ల మీద పడుతుందా, చేపల పెంపకపు పంజరాలకు దగ్గరా అన్నవి పరిశీలిస్తారు. రక్షిత ప్రాంతమైతే ప్రకృతి సంరక్షణ సంస్థల సలహా కూడా తీసుకుంటారు.

అయితే ఇంగ్లండ్ చట్టం ఒక ముఖ్యమైన మినహాయింపు ఇచ్చింది. 2011 నాటి మినహాయింపుల ఉత్తర్వు ప్రకారం రేవు నిర్వహణ సంస్థ తానే దించిన మూరింగులకూ, దాని సమ్మతితో ఇతరులు దించిన మూరింగులకూ, నిర్దేశించిన షరతులకు లోబడి, విడిగా సముద్ర లైసెన్సు అక్కర్లేదు. ఇది దయతో ఇచ్చిన సడలింపు కాదు. రేవు సంస్థకు తన జలాల మొత్తం పటం తెలుసు, దారులు ఎక్కడున్నాయో తెలుసు, ఏ మూరింగ్ ఎవరిదో నమోదు ఉంటుంది అన్న నమ్మకంతో చేసిన ఏర్పాటు. ఉదాహరణకు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని చిచెస్టర్ హార్బర్‌ను చూసే రేవు సంస్థ, కన్జర్వెన్సీ, 1971లో ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. నౌకాయానం, ప్రకృతి సంరక్షణ రెండూ దాని బాధ్యతలే. అక్కడ మూరింగ్ కోరేవారికి ఒకే తలుపు తట్టడం సాధ్యమవుతుంది. స్కాట్లండ్ పశ్చిమ తీరంలో రేవు సంస్థలు లేని అఖాతాల్లో స్థానికులు మూరింగ్ సంఘాలుగా ఏర్పడి, ఒక ప్రాంతాన్ని మొత్తంగా తీసుకుని సభ్యులకు తావులు కేటాయిస్తారు. రెండు చోట్లా జరిగింది ఒకటే: పడవకు ఇవ్వవలసిన అనుమతి తావుకు మారింది, తావు నుంచి పడవకు చేరింది.

అడుగున ఉన్న పచ్చిక

మూడో ప్రశ్న ఆలస్యంగా తలెత్తింది, కానీ ఇప్పుడు అన్నిటికన్నా బలమైనది అదే. చాలా మూరింగులు గాలి తగలని, లోతు తక్కువున్న, ఇసుక అడుగున్న చోట్ల ఉంటాయి. సముద్రపు గడ్డి పెరిగేదీ అక్కడే. నీరు తగ్గినప్పుడు గొలుసు మిగులు అడుగున పడి, పడవ తిరిగినప్పుడల్లా నేలను ఊడుస్తుంది. రాటకు కట్టిన పశువు తాడందినంత మేర గడ్డి మేసి వలయం చేసినట్టు, మూరింగ్ చుట్టూ గడ్డి లేని గుండ్రటి మచ్చ మిగులుతుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధన బ్రిటన్‌లో ఇలా పోయిన సముద్రపు గడ్డి కనీసం 6 హెక్టార్లని లెక్కకట్టింది. ఒక్క మచ్చ చిన్నదే. కానీ వందల మచ్చలు కలిసిన పచ్చిక ముక్కలై, అలలకు అంచులు కోసుకుపోతుంది. ఒక్కో దరఖాస్తును చూసే అధికారి ముందుకు ఈ వందల మచ్చల పటం రాదు.

డోర్సెట్ తీరంలోని స్టడ్‌లాండ్ అఖాతం ఈ చర్చకు ప్రసిద్ధ ఉదాహరణ. బ్రిటన్‌లో కనిపించే రెండు జాతుల సముద్రపు గుర్రాలూ అక్కడి గడ్డిలో ఉన్నాయి. 2019లో దాన్ని సముద్ర సంరక్షణ మండలంగా ప్రకటించారు. 2021 డిసెంబరు నుంచి గడ్డి పెరిగే భాగంలో లంగరు వేయవద్దంటూ స్వచ్ఛంద నిషేధ ప్రాంతాన్ని అమలుచేశారు. ఆ నిషేధంతో పాటే పర్యావరణహిత మూరింగులు వచ్చాయి. వీటిలో కాంక్రీట్ దిమ్మకు బదులు అడుగులోకి తిప్పి దించే మర ఉంటుంది. గొలుసుకు బదులు సాగే తాడు ఉండి, అడుగును తాకకుండా పైకి తేలుతుంది. ఈ మర ఆలోచన కొత్తది కాదు. బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన అంధ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లోనే మర స్తంభానికి పేటెంట్ తీసుకున్నాడు. ఓడల మూరింగులకూ ఇసుక తిన్నెలపై దీపస్తంభాలకూ దాన్ని వాడారు. సాంకేతికత దాదాపు రెండు శతాబ్దాలుగా ఉన్నా సామాన్య పడవ యజమాని దాన్ని వాడకపోవడానికి ఖర్చు ఒక కారణం. ఒక్కో యజమాని ఒక్కోదానికి డబ్బు పెట్టాలంటే భారమే. అఖాతానికి ఒక సంస్థ ఉండి, రుసుము పోగుచేసి, వరసగా దింపితే ఆ భారం పంచుకున్నట్టవుతుంది.

ఇతర దేశాల దారులు

ఫ్రాన్స్ ఈ దారిలో అందరికన్నా స్పష్టంగా నడిచింది. అక్కడ సముద్రపు అడుగు అమ్మకానికి వీల్లేని ప్రజా ఆస్తి. ఒక వ్యక్తికి ఇచ్చేది తాత్కాలికమైన, ఎప్పుడైనా రద్దు చేయగలిగిన అనుమతి మాత్రమే. 1986 తీర చట్టం తర్వాత ప్రభుత్వం విడి అనుమతుల నుంచి సామూహిక మూరింగ్ మండలాల వైపు మళ్లింది. మండలం అనుమతి సాధారణంగా స్థానిక మునిసిపాలిటీ చేతికి వెళ్తుంది, గడువు 15 ఏళ్లకు మించదు. న్యూజిలాండ్‌లో 1991 వనరుల నిర్వహణ చట్టం కింద ప్రాంతీయ కౌన్సిళ్లు తీర ప్రణాళికల్లో మూరింగ్ మండలాలను పటం మీద గుర్తిస్తాయి. మండలం లోపల అనుమతి తేలిక, బయట కఠినం. 2011 చట్టం అక్కడి తీర జలాల నేలలో ఎక్కువ భాగాన్ని ఎవరికీ సొంతం కాని ఉమ్మడి ప్రాంతంగా ప్రకటించినా అనుమతి అవసరం మాత్రం తగ్గలేదు. ఇది గమనించదగ్గ విషయం: యజమాని ఉన్నా లేకపోయినా పంపకం తప్పడం లేదు.

అమెరికాలో రెండు అంచెలున్నాయి. 1899 నదులు, రేవుల చట్టం 10వ సెక్షన్ కింద నౌకాయాన జలాల్లో ఏది దించాలన్నా సైనిక ఇంజనీర్ల విభాగం అనుమతి కావాలి. వాణిజ్యేతర అవసరానికి ఒక్క పడవను కట్టే బోయాలకు మాత్రం దేశమంతటికీ వర్తించే 10వ నంబరు సాధారణ అనుమతి ఒకటి ముందే ఉంది. అసలు పంపకం స్థానిక హార్బర్ మాస్టర్ల చేతిలో ఉంటుంది. మసాచుసెట్స్‌లో వారు ఏడాదికోసారి అనుమతి ఇస్తారు. మెయిన్ రాష్ట్రం తావుల కోసం వేచి ఉన్నవారి జాబితాను నిర్వహించమంటుంది, స్థానికేతరులకు కొంత వాటా నిలిపి ఉంచమంటుంది. ఒకరి తావు ఇంకొకరికి బదిలీ కావడానికి ఒప్పుకోదు. వాణిజ్య చేపల వేట సాగించే కుటుంబ సభ్యుడికి మాత్రం అక్కడ సడలింపు ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కూడా మూరింగ్ లైసెన్సును సాధారణంగా బదిలీకి వీల్లేనిదిగా ఉంచుతుంది. సిడ్నీ చుట్టుపక్కల అఖాతాల్లో నశిస్తున్న ఒక జాతి సముద్రపు గడ్డిని 2010లో రాష్ట్రం, 2015లో కేంద్రం ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించాక, కొత్త తావుల విషయంలో అడుగున ఏముందన్న ప్రశ్న మరింత ముందుకొచ్చింది.

అభ్యంతరాలు, వాటి బలం

మొదటి అభ్యంతరం చాలా పాతది: సముద్రం అందరిదీ, దానికి రుసుము ఏమిటి, అనుమతి ఏమిటి? క్రీ.శ. 533లో వెలువడిన జస్టీనియన్ న్యాయ గ్రంథం గాలిని, పారే నీటిని, సముద్రాన్ని, ఒడ్డును సహజ న్యాయం ప్రకారం అందరి ఉమ్మడిగా చెప్పింది. ఆ భావన గౌరవించదగినదే. కానీ ఉమ్మడి ఆస్తిలో తిరగడం వేరు, అందులో 34 సెంట్ల వలయాన్ని ఏడాది పొడవునా ఒక్కరే వాడుకోవడం వేరు. సముద్రం అందరిదీ అయినందువల్లనే, అందులో ఒక భాగాన్ని ఒక్కరికి కేటాయించేటప్పుడు అందరి తరఫున అడిగే సంస్థ ఉండాలి. అనుమతి లేని చోట సముద్రం అందరిదిగా మిగలదు, ముందొచ్చి దిమ్మ దించినవాడిది అవుతుంది.

రెండో అభ్యంతరం ఆచరణకు సంబంధించినది, ఇంకా బలమైనది. అనుమతి కష్టమైతే పడవవాళ్లు దొంగచాటుగా మూరింగులు దించుతారు, లేదా ప్రతిసారీ లంగరు వేస్తారు. పదే పదే వేసే లంగరు సముద్రపు గడ్డిని స్థిరమైన మూరింగ్ కన్నా ఎక్కువ చోట్ల పెళ్లగించవచ్చు. ఇది నిజం. యజమాని సమ్మతి, లైసెన్సు, సంరక్షణ సలహా మూడింటికీ ఒక మత్స్యకారుడు విడివిడిగా తిరగవలసి వస్తే చట్టం తానే చట్టభంగాన్ని పెంచినట్టు. అయితే దీనికి విరుగుడు అనుమతిని ఎత్తివేయడం కాదు. కఠినమైన పరిశీలనను ఒక్కసారి, అఖాతం మొత్తానికి, నిపుణులతో చేయించి, ఆ తర్వాత వ్యక్తికి అనుమతిని సులభం చేయడం. ఇంగ్లండ్ రేవు మినహాయింపు, న్యూజిలాండ్ మండలాలు ఇలాగే పనిచేస్తాయి. స్టడ్‌లాండ్‌లో లంగరు నిషేధాన్నీ ప్రత్యామ్నాయ మూరింగులనూ జతగా తేవడం కూడా ఇదే ఆలోచన.

మూడో అభ్యంతరం న్యాయానికి సంబంధించినది. తావుల్ని సంఘాలకో స్థానిక సంస్థలకో అప్పగిస్తే అవి తమవారికే పంచుకుంటాయి. ఏళ్ల తరబడి జాబితాలో ఉన్న కొత్తవాడికి వంతు రాదు. అంతకన్నా వేలం వేయడం నయం కదా అని కొందరంటారు. మొదటి భాగంలో నిజముంది. సంఘం చేతికి అధికారం ఇవ్వడమంటే దానికి నియమాలు కూడా ఇవ్వాలి: అందరికీ కనిపించే జాబితా, బదిలీకి వీల్లేని లైసెన్సు, వాడని తావు వెనక్కి తీసుకునే గడువు, దారిన పోయే పడవలకు కొన్ని బోయాలు. వేలం వాదన మాత్రం నిలవదు. వేలంలో గెలిచేది విహార పడవ. ఓడేది రోజూ వేటకు వెళ్లే చిన్న పడవ. మెయిన్ చట్టం వేట కుటుంబాలకు ఇచ్చిన సడలింపు ఈ తేడాను గుర్తించింది. జీవనోపాధికి వాడే తావును ధర ప్రకారం కాకుండా అవసరం ప్రకారం పంచాలి.

తెలుగు తీరంలో

ఆంధ్రప్రదేశ్ తీరంలో బ్రిటన్ తరహా విడి మూరింగ్ సంప్రదాయం బలంగా లేదు. ఫైబర్ పడవలు, తెప్పలు ఇసుక ఒడ్డు మీదికి లాగుతారు; మర పడవలు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి చేపల రేవుల్లో జెట్టీల దగ్గర ఒకదాని పక్కన ఒకటి కడతారు. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం పడవ రిజిస్ట్రేషన్‌ను, లైసెన్సును చూస్తుంది. 2019 తీర నియంత్రణ మండల ప్రకటన ఆటు రేఖ నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా జలాలను నాలుగో మండలంలో చేర్చింది. పడవకు అనుమతి ఉంది, జలాలకు వర్గీకరణ ఉంది. పడవ నిలిచే తావు గురించిన ఆలోచన మాత్రం రేవు గోడల లోపలే ఆగిపోయింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అమలైనప్పుడు మర పడవలన్నీ ఒకేసారి రేవులకు చేరతాయి. పడవల సంఖ్యకూ తావుల సంఖ్యకూ మధ్య తేడా అప్పుడు కళ్లకు కడుతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో ఒక బోటులో రేగిన మంట పక్కపక్కనే కట్టిన వాటికి పాకి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. కిక్కిరిసిన రేవులో ఎడం అన్నది సౌకర్యం కాదు, మత్స్యకారుడి పెట్టుబడికి రక్షణ. రేవు బయట ఆశ్రయమున్న జలాల్లో లెక్క ప్రకారం తావులు గుర్తించడం ఆ రక్షణలో ఒక భాగం కాగలదు. అలాంటి జలాలు ఈ తీరంలో తక్కువ. ఉన్న కొద్ది చోట్ల మడ అడవులు, నదీ మొగలు ఉన్నాయి. కాబట్టి తావులు గుర్తించే పని పడవలు వచ్చి చేరాక కాకుండా, ముందే, మత్స్యకార సంఘాలను కూర్చోబెట్టుకుని చేయాలి.

ఈ దేశాలన్నిటి అనుభవం నుంచి మంచి మూరింగ్ అనుమతి లక్షణాలు చెప్పవచ్చు. అది గడువు ఉన్నదై ఉండాలి, అమ్మకానికి వీల్లేనిదై ఉండాలి, సరంజామా పరీక్షకు లోబడాలి, అడుగున ఉన్న జీవాన్ని లెక్కలోకి తీసుకోవాలి, జీవనోపాధికి ముందు వరస ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కటీ ఒక పడవ దరఖాస్తును మాత్రమే చూస్తూ నెరవేర్చలేం. అఖాతం పటాన్ని బల్ల మీద పరచి, దారులు, లోతులు, పచ్చిక, పడవల సంఖ్య గుర్తించి, ఆ తర్వాతే తావులు పంచే సంస్థకు అవన్నీ సాధ్యం. అనుమతి ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉన్నా, వారు మొదట ఆ పటం తయారు చేయాలి. ఒక్కో దరఖాస్తుకు జవాబు ఆ పటంలోంచి రావాలి.